పంటి అందానికి ఎనామిల్ ఎంత ఖర్చవుతుంది?

(దృశ్యం: దంతవైద్యశాలలోని కుర్చీ. చేతి అద్దంలో తన ముందుపళ్లను చూసుకుంటున్న ఒక వ్యక్తి.)

నమస్కారం. పళ్లు తెల్లబడాలనో, ముందుపళ్ల మధ్య సందు పూడాలనో కోరుకుని దంతవైద్యశాలకు వచ్చినవారికి మొదటి పది నిమిషాల్లో కొంత నిరాశ కలుగుతుంది. వారు వేలితో చూపిస్తున్న పంటిని పక్కన పెట్టి, వైద్యులు గీతలు గీసిన సన్నని పుల్ల వంటి పరికరంతో చిగురుకూ పంటికీ మధ్య ఉన్న లోతును కొలవడం మొదలుపెడతారు. అడిగిందొకటి, చేస్తున్నదొకటి అనిపించడం సహజమే. ఆ కొలత ఎందుకో, దాని తర్వాత ప్రతి చికిత్స విషయంలోనూ వేసుకోవలసిన ఒక ప్రశ్న ఏమిటో ఈ వీడియోలో తెలుసుకుందాం. ఆ ప్రశ్న ఇది: కోరుకున్న అందం కోసం పంటి పైపొర ఎంత పోగొట్టుకోవలసి వస్తుంది?

(దృశ్యం: పన్ను నిలువుకోత బొమ్మ. ఎనామిల్, డెంటిన్, పల్ప్ ఒక్కొక్కటిగా వెలుగుతాయి.)

ఆ పైపొర పేరు ఎనామిల్. మనిషి శరీరంలో దానికంటే గట్టి పదార్థం లేదు. దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. అయితే ఎనామిల్‌ను నిర్మించిన కణాలు, పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చేనాటికే అంతరించిపోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది, కానీ అరిగిపోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు. దాని కింద ఉండే డెంటిన్ లేత పసుపు రంగులో, కంటికి కనిపించనంత సన్నని గొట్టాలతో నిండి ఉంటుంది. ఎనామిల్ పోయిన చోట చల్లనిది తగిలితే ఆ గొట్టాల్లోని ద్రవం కదిలి, లోపలి నాడిని కదిలించడం వల్లనే పన్ను జివ్వుమంటుంది.

వయసు పెరిగేకొద్దీ పళ్లు పచ్చబడడానికి కారణం కూడా ఈ నిర్మాణంలోనే ఉంది. వెలుతురును కొంత లోపలికి పోనిచ్చే ఎనామిల్ క్రమంగా పలచబడుతుంది, దాని అడుగున డెంటిన్ మందమవుతుంది. అందువల్ల లోపలి పసుపు బయటికి ఎక్కువగా కనిపిస్తుంది. లేత పసుపు ఛాయను అశుభ్రతకు గుర్తుగా భావించి బాధపడేవారు చాలామంది ఉన్నారు, కానీ ప్రకటనల్లో కనిపించే సున్నం కొట్టిన గోడలాంటి తెలుపు ఆరోగ్యవంతమైన పళ్లలో సహజంగా ఉండేది కాదు. ఆ పసుపును వదిలించాలని బొగ్గుపొడితోనో గరుకైన చూర్ణాలతోనో గట్టిగా రుద్దేవారు పోగొట్టుకునేది ఎనామిల్‌నే. కొన్నేళ్లకు పన్ను మరింత పసుపుగా కనిపించి, ఇంకా గట్టిగా రుద్దాలనిపిస్తుంది.

(దృశ్యం: పంటి ఉపరితలం మీద ఆమ్లం, లాలాజలం మధ్య జరిగే మార్పుల యానిమేషన్.)

ఇక పన్ను ఎలా పుచ్చుతుందో చూద్దాం. పంటి మీద పేరుకునే మెత్తని పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి బాక్టీరియా ఉంటుంది. మనం తీసుకున్న చక్కెరను అది ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లత్వాన్ని తెలిపే కొలత పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువైనట్టు. నోటిలో పీహెచ్ విలువ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పీహెచ్‌ను మళ్లీ పైకి తెచ్చి, కరిగిన ఖనిజంలో కొంత భాగాన్ని తిరిగి పంటికి చేరుస్తుంది. ఇందుకు దానికి అరగంట నుంచి గంట వరకు సమయం కావాలి. అందుకే తీపి ఎంత తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ఎక్కువ ముఖ్యం. గంటకోసారి తీపి నోట్లో వేసుకునేవారి లాలాజలానికి తన పని పూర్తిచేసే వ్యవధే దొరకదు.

ఎనామిల్ తిరిగి పెరగదని పైన చెప్పుకున్నాం, అయితే గుంత పడక ముందు, సుద్ద రాసినట్టుండే తెల్లమచ్చ దశలో ఉన్న పన్ను మళ్లీ గట్టిపడే అవకాశం ఉంది. ఫ్లోరైడ్ చేసే పని ఇదే. అది ఎనామిల్ స్ఫటికంలో చేరినప్పుడు ఏర్పడే ఖనిజం, పీహెచ్ సుమారు 4.5కు పడిపోయేంత వరకు కరగకుండా నిలుస్తుంది. 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్ట్‌తో రోజుకు 2 సార్లు, ప్రతిసారీ 2 నిమిషాలు తోముకోవాలన్న సలహా దీనివల్లనే వచ్చింది. తోముకున్న తర్వాత నురుగును ఉమ్మివేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేస్తే ఫ్లోరైడ్ మరికొంతసేపు పంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ ఒక్క అలవాటు మార్చుకోవడం చాలామందికి కష్టంగా ఉంటుంది, ప్రయోజనం మాత్రం గట్టిదే.

(దృశ్యం: ఆరోగ్యవంతమైన చిగురు, వాచిన చిగురు పక్కపక్కన. కొలత పరికరం లోతు చూపుతుంది.)

మొదట చెప్పిన కొలత దగ్గరికి ఇప్పుడు వద్దాం. ఆరోగ్యవంతమైన చిగురుకూ పంటికీ మధ్య లోతు సాధారణంగా 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. పాచిని తొలగించకపోతే అది లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గారగా మారుతుంది, గారను బ్రష్ కదిలించలేదు. చిగురు ఎర్రబడి, తోమినప్పుడు రక్తం కారడం తొలిదశ, శుభ్రం చేస్తే ఇది పూర్తిగా తగ్గిపోతుంది. నిర్లక్ష్యం చేస్తే వాపు ఎముకకు పాకుతుంది, అలా కరిగిన ఎముక మాత్రం దానంతట అది తిరిగి రాదు. మధుమేహం అదుపులో లేనివారిలో ఈ వ్యాధి వేగంగా ముదురుతుంది. పొగతాగేవారిలో రక్తస్రావం తక్కువగా ఉండి, వ్యాధి ఉన్న సంగతే తెలియకుండా పోతుంది.

స్కేలింగ్, అంటే పరికరంతో గారను తొలగించడం, చేయించుకుంటే పళ్లు వదులవుతాయన్న భయం గురించి ఒక మాట చెప్పాలి. పళ్ల మధ్య సిమెంటులా పట్టి ఉన్న గారను తీసివేసినప్పుడు, అప్పటికే ఎముక తగ్గిపోయి వదులైన పళ్లు కదులుతున్నట్టు తెలుస్తుంది. ఆ వదులుతనం స్కేలింగ్ తెచ్చింది కాదు, దాని వల్ల బయటపడింది.

వాచిన చిగుళ్ల పక్కన సౌందర్య చికిత్స చేయకపోవడానికి రెండు కారణాలున్నాయి. కారుతున్న రక్తం, తడి వల్ల అతికించే పదార్థం పంటికి సరిగా పట్టదు. అదీగాక, తర్వాత వాపు తగ్గి చిగురు వెనక్కి జరిగితే, అతికించిన పొర అంచు గీతలా బయటపడుతుంది.

(దృశ్యం: పళ్ల రంగును పోల్చే నమూనాల వరుస.)

చిగుళ్లు బాగున్నాయనుకుందాం. ఎనామిల్‌ను అరగదీయని చికిత్సల్లో మొదటిది బ్లీచింగ్. ఇందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ, దానిని విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్ గానీ పంటిలోకి ఇంకి, రంగునిచ్చే అణువులను విడగొడుతుంది. పంటి కొలతకు తయారుచేసిన పలచని తొడుగులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రిపూట ధరించే పద్ధతి 1989 నుంచి వాడుకలో ఉంది. ఆ జెల్ నుంచి విడుదలయ్యే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతమే. క్లినిక్‌లో వాడే జెల్ గాఢత ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి అక్కడ చిగుళ్లను కప్పి ఉంచుతారు. కుర్చీలోంచి లేచిన వెంటనే కనిపించే తెలుపులో కొంత భాగం పన్ను తడి ఆరడం వల్ల వచ్చింది, ఒకటి రెండు రోజుల్లో ఆ మేరకు తగ్గుతుంది. చికిత్స రోజుల్లో పళ్లు జివ్వుమనడం మామూలే, సాధారణంగా అది తాత్కాలికం.

బ్లీచింగ్ సహజమైన పంటి మీదనే పనిచేస్తుంది, పాత ఫిల్లింగులూ క్యాప్‌లూ రంగు మారవు. చిన్నతనంలో వాడిన టెట్రాసైక్లిన్ మందుల వల్ల వచ్చిన బూడిదరంగు చారలు వదలడానికి నెలలు పట్టవచ్చు. దెబ్బ తగిలి ఒక్క పన్ను మాత్రమే నల్లబడితే, లోపలి నాడి చనిపోయిందేమో ముందుగా చూడాలి. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ సాధారణంగా ఈ చికిత్సను వాయిదా వేస్తారు.

(దృశ్యం: విరిగిన పంటి మూలను పొరలుపొరలుగా నింపుతున్న చేతులు.)

ఆ తర్వాతది బాండింగ్, అంటే పంటి రంగులో ఉండే పదార్థాన్ని పంటికి అతికించడం. 1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో కొద్దిసేపు తడిపితే దాని మీద సూక్ష్మమైన గుంతలు ఏర్పడి, రెజిన్ (ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే ప్లాస్టిక్ వంటి పదార్థం) వాటిలోకి దిగి గట్టిగా పట్టుకుంటుందని చూపించారు. అంతకుముందు, పదార్థం నిలవడం కోసం పంటిని తొలిచి గాడులు చేయవలసి వచ్చేది. ఈనాడు విరిగిన మూలను గానీ, చిన్న సందును గానీ పంటిని దాదాపు తాకకుండానే కాంపోజిట్ అనే రెజిన్ మిశ్రమంతో పూరించగలగడానికి ఆ ఆవిష్కరణే పునాది. బ్లీచింగ్, బాండింగ్ రెండూ కావాలంటే బ్లీచింగే ముందు జరగాలి, రెండింటి మధ్య సుమారు 2 వారాల విరామం ఉండాలి. పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెజిన్ గట్టిపడడాన్ని అడ్డుకుంటుంది. పైగా, తర్వాత పళ్లు తెల్లబడితే కాంపోజిట్ ఒక్కటే పాత రంగులో ఉండిపోతుంది.

వెనీర్ అంటే పంటి ముందువైపు అతికించే పలచని సిరామిక్ పొర. దానికి చోటివ్వడానికి తరచుగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల మేర ఎనామిల్‌ను తీసివేస్తారు. వినడానికి ఇది చాలా స్వల్పమే అయినా, తీసినది తిరిగి రాదు కాబట్టి ఆ పంటికి జీవితాంతం ఏదో ఒక కప్పు ఉండవలసిందే. వెనీర్ ఎనామిల్‌కు పట్టుకున్నంత గట్టిగా డెంటిన్‌కు పట్టుకోదు కాబట్టి, ఎక్కువగా అరగదీస్తే నష్టం రెండింతలవుతుంది. ఇక క్యాప్ కోసమైతే బయటికి కనిపించే పంటి భాగంలో మూడింట రెండు వంతుల వరకు పోవచ్చు. రూట్ కెనాల్ చేసిన, సగం విరిగిన పంటికి అది రక్షణే. నిక్షేపంలా ఉన్న ముందుపళ్లకు రంగు కోసమే క్యాప్‌లు వేయించుకోవడం మాత్రం, నా దృష్టిలో, ఉన్న ఆస్తిని అమ్ముకుని దాని బొమ్మను కొనుక్కోవడమే.

పళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నవారికి క్లిప్పులో అలైనర్లో (పళ్లను జరిపే పారదర్శకమైన తొడుగులు) ఎక్కువ కాలం తీసుకున్నా, ఎనామిల్‌ను దాదాపు అలాగే మిగులుస్తాయి. మెల్లగా కదిలించిన పన్ను పాత చోటికి జరగాలని చూస్తుంది కాబట్టి, చికిత్స ముగిశాక పళ్లను కొత్త చోటే నిలిపి ఉంచే రిటైనర్ తప్పనిసరి.

(దృశ్యం: పళ్ల మీద తాత్కాలిక నమూనా తొడిగి, అద్దం ముందు మాట్లాడుతున్న వ్యక్తి.)

వెనీర్లే కావాలనుకున్నవారు, పంటిని తాకక ముందే నమూనా వేసి చూపించమని తప్పక అడగాలి. మైనంతో రూపం తయారుచేసి, దాని అచ్చుతో తాత్కాలిక రెజిన్‌ను పళ్ల మీద తొడుగుతారు. అద్దంలో చూసుకోవడంతో సరిపెట్టక, దానితో కాసేపు మాట్లాడి చూడాలి. ‘వ’, ‘ఫ’ అక్షరాలు పలికేటప్పుడు పైపళ్ల అంచు కింది పెదవిని తాకుతుంది. పళ్ల పొడవు ఎక్కువైతే ముందుగా ఆ అక్షరాలే తేడాగా వినిపిస్తాయి. నచ్చకపోతే నమూనాను ఒలిచి తీసివేస్తారు, కింద ఉన్న పన్ను ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.