శెనక్కాయ బూజు పరీక్ష: ల్యాబ్‌లో సాల్వెంట్ ఎలా తగ్గింది?

[దృశ్యం: అనంతపురం దగ్గర కళ్లం. అరచేతిలో ఒలిచిన గింజలు, ఒకదాని మీద పచ్చటి బూజు.]

నమస్తే. కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే, మన జిల్లాలో అదేం కొత్త కాదు కదా, నేలలో ఉండే ఆస్పర్జిల్లస్ అనే బూజు కాయలోకి దూరి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కాలేయ క్యాన్సర్ తెచ్చే విషం ఇది. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోతే, దాణాలో కలిపిన వేరుశనగ పిండిలోనే ఇది బయటపడింది.

[దృశ్యం: ల్యాబ్. గాజు కాలమ్, పక్కన వ్యర్థాల క్యాన్లు.]

పాత పద్ధతి చూడండి. 50 గ్రాముల పొడిలో 250 మిల్లీలీటర్ల క్లోరోఫాం పోసి అరగంట షేకర్ మీద పెట్టాలి. వడగట్టిన దాంట్లో కొంత సిలికా పొడి నింపిన గొట్టంలో, అంటే కాలమ్‌లో పోసి, హెక్సేన్ 150, ఈథర్ 150తో కడగాలి. ఆఖర్న కాస్త మిథనాల్ కలిపిన క్లోరోఫాం ఇంకో 150. మొత్తం 700 మిల్లీలీటర్ల సాల్వెంట్, అంటే కరిగించే ద్రవం, ఒక్క శాంపిల్‌కే! క్యాన్సర్ కారకాన్ని పట్టడానికి, క్యాన్సర్ అనుమానం ఉన్న క్లోరోఫాంనే లీటర్లకు లీటర్లు వాడటమన్నమాట. దాన్ని సింకులో పారబోయకూడదు. విడిగా క్యాన్లలో పట్టి, డబ్బు కట్టి వదిలించుకోవాలి.

ఇప్పుడు యాంటీబాడీలు, అంటే ఒక్క పదార్థాన్నే గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లు వచ్చాయి. పొడిని మిథనాల్, నీళ్లు కలిపిన ద్రవంలో నానబెట్టి, యాంటీబాడీ ఉన్న చిన్న కాలమ్ గుండా పంపితే అఫ్లటాక్సిన్ ఒక్కటే అంటుకుంటుంది. మిగతాదంతా మామూలు నీళ్లతో కడిగేసి, విషాన్ని ఒకట్రెండు మిల్లీలీటర్ల మిథనాల్‌తో దింపుకోవచ్చు. మిథనాలూ విషమే, కాకపోతే క్లోరోఫాంతో పోలిస్తే నయం. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తయారుచేసిన, రంగును బట్టి విషాన్ని కొలిచే ఎలైజా పరీక్షలో కూడా యాంటీబాడీలదే పని. ఖర్చు కూడా తక్కువ.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం అతినీలలోహిత (యూవీ) దీపం. ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో అఫ్లటాక్సిన్‌ను దాని మెరుపును బట్టే కొలుస్తారు. కానీ అందులో బీ1, జీ1 అనే రకాల మెరుపు సరిగా కనిపించదు. అందుకని బ్రోమిన్‌తోనో అయోడిన్‌తోనో చర్య జరిపేవారు. ఇప్పుడు ద్రవం ఒక సన్నటి గొట్టంలో దీపం చుట్టూ తిరిగి వస్తే చాలు, బాగా మెరుస్తాయి. రసాయనం చుక్క కూడా అక్కర్లేదు.

[దృశ్యం: మార్కెట్ యార్డు. బస్తాల్లోంచి గింజలు తీస్తున్న చేతులు.]

అసలు చిక్కు ఇక్కడుంది. పర్యావరణానికి మేలు చేసే విశ్లేషణకు 2013లో 12 సూత్రాలు రాశారు. అందులో ఒకటి, శాంపిల్ వీలైనంత తక్కువ తీసుకోమంటుంది. శెనక్కాయ దగ్గర ఈ మాట వింటే మునిగిపోతాం. విషం అన్ని గింజల్లో సమంగా ఉండదు. బాగా చెడిన గింజలో కిలోకు పది లక్షల మైక్రోగ్రాముల లెక్కన ఉండొచ్చు. అలాంటి అరగ్రాము గింజ ఒక్కటి 10 కిలోల్లో పడితే, మొత్తం సరుకు కిలోకు 50 మైక్రోగ్రాములు చూపిస్తుంది. నేరుగా తినే వేరుశనగకు యూరప్ పెట్టిన హద్దు 4! ఆ గింజ మీ గుప్పెట్లోకి రాలేదా, రిపోర్టు శుభ్రంగా వస్తుంది. అందుకే పెద్ద లాట్లకు యూరప్ నిబంధనలు 20 కిలోలు తీయమంటాయి.

మరి సాల్వెంట్ పెరగదా? పెరగదు. కిలోల కొద్దీ గింజల్ని నీళ్లు పోసి జారుగా రుబ్బి, బాగా కలిపి, అందులోంచి కాస్త తీసుకుంటారు. పెద్ద పనంతా నీళ్లతోనే అయిపోతుంది.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లకు ఒక మాట. 2020లో వచ్చిన అగ్రీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ 12 సూత్రాల ప్రకారం మీ పద్ధతికి 0 నుంచి 1 దాకా మార్కు వేస్తుంది. వేసి చూసుకోండి. మార్కు పెంచుకోవడానికి మాత్రం బస్తాల దగ్గర శాంపిల్ తగ్గించకండి.