హెచ్5ఎన్1లో ఉన్నవి వెర్షన్ నంబర్లు కావండీ బాబూ!

హలో అండీ, ఇవాళ సోది లేకుండా నేరుగా విషయానికొచ్చేస్తా. బర్డ్ ఫ్లూ వార్త వచ్చిందంటే చాలు, ఒకళ్ళేమో "హెచ్5ఎన్1 కన్నా హెచ్5ఎన్8 ఇంకా డేంజర్ అంట, నంబర్ పెరిగింది కదా" అంటారు, ఇంకొకళ్ళేమో "హెచ్1ఎన్1 పాతదేగా, 2009లో చూసేశాం" అంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆ నంబర్ పెరిగితే వైరస్ ముదిరినట్టూ కాదు, అదే నంబర్ మళ్ళీ వస్తే అదే వైరస్ అనీ కాదు.

ఎందుకో చెప్తా. ఈ ఫ్లూలన్నీ ఇన్‌ఫ్లుయెంజా ఎ అనే వైరస్‌లో రకాలే, దాంట్లో జీన్స్ అన్నీ ఒకే ఆర్‌ఎన్‌ఏ మీద వరసగా ఉండవు, ఎనిమిది విడి ముక్కల్లో ఉంటాయి. చేతిలో ఎనిమిది పేకముక్కలు పట్టుకున్నట్టు అనుకోండి. ఈ పేకముక్కల్ని మాత్రం మర్చిపోవద్దు, వీడియో అయ్యేదాకా నేను వీటిని వదలను. ఎనిమిదిలో ఒక ముక్క హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ చేయిస్తుంది, అదే హెచ్, వైరస్ మన కణానికి అతుక్కుని లోపలికి దూరేది దీంతోనే. ఇంకో ముక్కది న్యూరామినిడేస్, అంటే ఎన్, లోపల తయారైన కొత్త వైరస్‌లు కణాన్ని వదిలించుకుని బయటపడటానికి ఇది కావాలి. పక్షుల్లో బాగా తెలిసినవి హెచ్‌లో 16 రకాలు, ఎన్‌లో 9 రకాలు. అంటే హెచ్5ఎన్1 అన్నప్పుడు మీకు తెలిసింది ఎనిమిదిలో రెండు ముక్కలు, మిగతా ఆరూ బోర్లించే ఉన్నాయి! 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మనుషుల్లో అప్పటికే ఒక హెచ్1ఎన్1 ఏటా తిరుగుతూనే ఉంది, పేరు అదే, కానీ కొత్తదాని ముక్కలు పందుల్లో తిరిగే వైరస్‌లవి, హెచ్ కూడా పాతదానికి బాగా దూరం. పేరు చూసి పాతదే అనుకుంటే ఎలా?

సరే, ఇది మారేది ఎలా అంటే, రెండు రకాలుగా మారుతుంది, జనం రెండిటినీ కలిపేసి "మ్యుటేట్ అయ్యింది" అనేస్తారు.

మొదటిది చిన్న మార్పు. మొత్తం జీనోమ్, అంటే ఎనిమిది ముక్కలూ కలిపి, సుమారు 13,500 అక్షరాలు, దాన్ని కాపీ చేసే ఎంజైమ్‌కి తప్పు రాస్తే వెనక్కెళ్ళి దిద్దుకునే అలవాటు లేదు. దాంతో ముక్క మీద బొమ్మ ఇక్కడో గీత అక్కడో గీత చెరుగుతూ ఉంటుంది, కొన్నాళ్ళకి మన యాంటీబాడీలు దాన్ని సరిగా పోల్చుకోలేవు, ఫ్లూ వ్యాక్సిన్‌లో ఏం ఉండాలో ప్రతి సంవత్సరం మళ్ళీ చూసుకునేది అందుకే. వైరస్ తెలివిమీరిపోయింది అంటుంటారు, దానికి తెలివెక్కడిదండీ, వేల తప్పుల్లో పనికొచ్చిన తప్పు మిగులుతుంది, అంతే.

రెండోది అసలు ఆట. రెండు వేరే వేరే ఫ్లూలు ఒకే జంతువులో, అదీ ఒకే కణంలో దూరాయనుకోండి, రెండు చేతుల ముక్కలూ కలిసిపోతాయి. బయటికొచ్చే వైరస్‌కి ప్రతి ముక్కా ఇటుదో అటుదో, లెక్కేస్తే 256 రకాల చేతులు. చాలావరకు ఆడటానికి పనికిరావు, ముక్కకీ ముక్కకీ పొసగదు. ఒక్కటి కుదిరిందా, అయిపోయాం. 1957లో మనుషుల వైరస్ మూడు ముక్కలు పారేసి పక్షి వైరస్‌వి మూడు ఎత్తుకుంది, హెచ్2ఎన్2 పాండమిక్ అదే. 1968లో మళ్ళీ రెండు మార్చింది, అందులో హెచ్ ఒకటి, ఎన్ మాత్రం పాతదే ఉంచుకుంది, అలా హెచ్3ఎన్2 అయ్యింది. చూశారా, పేరులో సగమే మారింది.

ఇక్కడే పందిని తిట్టిపోస్తారు. పంది శ్వాసనాళంలో పక్షి వైరస్ అతుక్కునే రిసెప్టర్ ఉంటుంది, మనిషి వైరస్ అతుక్కునేదీ ఉంటుంది, కాబట్టి పేక కలవడానికి మంచి చోటు, నిజమే. కానీ అసలు పేక కట్ట మొత్తం ఉన్నది అడవి బాతులు, నీటి పక్షుల దగ్గర. వాటికి చాలాసార్లు జబ్బే చెయ్యదు, వైరస్ పేగుల్లో పెరుగుతుంది, రెట్టలో పడి చెరువు నీళ్ళలో కలుస్తుంది, పక్క పక్షి ఆ నీళ్ళు తాగుతుంది. వలస పోయే పక్షి ఎంత దూరం పోతే అదీ అంత దూరం.

మరి బాతుకి ఏం కానిది కోడిని ఎందుకు చంపుతుంది? ఇది నాకు భలే ఇష్టమైన పాయింట్. హెచ్ ప్రోటీన్ పనిచేయాలంటే దాన్ని మధ్యలో ఒకచోట కోయాలి, కోసే ఎంజైమ్ మన శరీరానిదే. మామూలు హెచ్‌ని కోసే ఎంజైమ్‌లు పేగుల్లో, శ్వాసనాళంలో ఉంటాయి కాబట్టి జబ్బు కూడా అక్కడే ఆగుతుంది. హెచ్5, హెచ్7 రకాలు కోళ్ళలో తిరిగి తిరిగి ఒక్కోసారి ఆ కోత దగ్గర కొన్ని అదనపు అమైనో ఆమ్లాలు చేర్చుకుంటాయి, ఇక ఫ్యూరిన్ అనే ఎంజైమ్ కూడా కోసేయగలదు, అది ఒంట్లో అన్ని చోట్లా ఉంటుంది. మెదడు, గుండె, అన్నీ పోతాయి, షెడ్డు ఖాళీ. అదీ ఒకే ఒక్క ముక్క మీద, ఒకే చోట మార్పు!

అమ్మో టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఇప్పటి హెచ్5ఎన్1 వంశం 1996లో చైనా గ్వాంగ్‌డాంగ్‌లో ఒక బాతు జాతి పక్షి, అంటే గూస్‌లో దొరికింది, 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. పక్షి రకం రిసెప్టర్లు మనకి ఎక్కువగా ఊపిరితిత్తుల అడుగున ఉంటాయి, అందుకే సోకినవాళ్ళకి గట్టిగా తగలొచ్చు కానీ తుమ్ముతో పక్కవాడికి సులువుగా అంటదు. 2023లో అర్జెంటీనాలో ఎలిఫెంట్ సీల్స్ అనే సముద్ర జంతువులు దీంతోనే కుప్పలుగా చచ్చిపోయాయి, 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవుల్లో బయటపడింది. ఆవులో ఇది ఊపిరితిత్తుల్లో కన్నా పొదుగులో బాగా పెరుగుతోంది, పాలు పితికే మిషన్ల ద్వారా ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి పాకుతోంది, ఆ పచ్చి పాలు తాగి ఫారాల్లో పిల్లులు చచ్చిపోయాయి. పాశ్చరైజ్ చేసిన పాలలో బతకదు, పచ్చి పాలే ఆరోగ్యం అనేవాళ్ళకి ఓ నమస్కారం. గబ్బిలాల్లో ఉండే హెచ్17, హెచ్18 మిగిలిపోయాయి, అవి అసలు ఈ రిసెప్టర్లే వాడవు, దానికి విడిగా ఇంకో వీడియో పెడతా, ఉంటానండీ.