ఎపిసోడ్ 31: సైలెన్సర్ ముచ్చట, బోరు నీళ్ల పంచాయితీ

నల్గొండ: అందరికి నమస్తే. పాలమూరు తమ్ముడు పొద్దుగాలనే బస్సు దిగిండు. మా ఇంటి ముంగట వేపచెట్టు కింద కూసున్నం, బండి పక్కకే ఉన్నది. ఇయ్యాల ముచ్చట, సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నంక ఏం మార్చాలె, ఏం ముట్టొద్దు. సైలెన్సర్, ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చి బలం పెంచే రీమ్యాప్, పెద్ద వీల్స్.

పాలమూరు: మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు వాయిస్ పంపిండన్నా. రాయచూర్ల 2016 ఫియట్ పుంటో అబార్త్ కారు చూసిండట, కేఏ నంబర్, అంటే కర్ణాటక బండి. సైలెన్సర్ ఏది పెట్టిస్తే మంచిగుంటదని అడుగుతుండు.

నల్గొండ: బండి ఇంక చేతికి రానే రాలే గదా.

పాలమూరు: రాలే. కని వాని గొంతుల సంబురం చూడాలె నువ్వు. తేలు బొమ్మ ఉన్న బండి, 1.4 లీటర్ పెట్రోల్ ఇంజిన్, గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో ఉన్నది, 145 హార్స్‌పవర్. గంత చిన్న బండికి అది తక్కువ బలం కాదు. నాకైతే వాన్ని చూస్తే మనం నీ బండి చూసేటందుకు జడ్చర్ల పోయిన రోజు యాదికొచ్చింది.

నల్గొండ: సరే, ముందు కాగితాలు. అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌వోసీ, అంటే ఫారం 28. పేరు మార్పుకు 29, 30. లోన్ ఉండి తీరిపోతే బ్యాంకు సంతకంతోని 35. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ల కట్టాలె, అక్కడ కట్టిన దాంట్ల మిగిలింది వాపస్‌కు దరఖాస్తు పెట్టుకోవాలె. ధర మాట్లాడేటప్పుడే ఈ పైసలు లెక్కేసుకో తమ్మీ. చాలమంది ఇక్కడికొచ్చినంక గుండెల మీద చెయ్యేసుకుంటరు.

పాలమూరు: కాగితాలైనంక టైర్లు. టైరు పక్కన డీఓటీ అని ఉంటది, దాని చివర నాలుగంకెలు. 3216 అంటే 2016ల 32వ వారం తయారైంది. ఒక్కోసారి ఆ అంకెలు లోపలి దిక్కే ఉంటయ్, కిందికి వంగి టార్చ్ కొట్టి చూడాలె. గాట్లు ఎంత మంచిగున్నా సరే, మన ఎండకు రబ్బరు ముసలిదైతది.

నల్గొండ: నువ్వు టైర్లకాడ మొదలుపెడుతవ్. నేను ఇయ్యాల ఒకటి అడుగుత, కోపం చేసుకోకు.

పాలమూరు: అడుగన్నా.

నల్గొండ: నా బండి చూసేటందుకు ఇద్దరం పోయినం. నువ్వు నాలుగు టైర్ల నంబర్లు ఫోన్ల రాసుకున్నవ్. ఇంజిన్‌ను సల్లగుంచే కూలెంట్ డబ్బా మూత ఎవరు తీసిండ్రు?

పాలమూరు: ఎవరం తియ్యలే.

నల్గొండ: ఎవరం తియ్యలే. గదే. అండ్ల ఎర్ర కూలెంట్ ఉండాలె. నాకు దొరికిందేంది? పల్చని చాయ్ రంగు నీళ్లు. డబ్బా లోపల అంచుకు తెల్లగ పొర కట్టింది. గోరుతోని గీకితే పెంకు లెక్క ఊడొచ్చింది. మా అమ్మ నీళ్లు కాచే గిన్నెకు పడుతది చూడు, అచ్చం అదే.

పాలమూరు: ఆ అమ్మినాయన బోరు నీళ్లు పోసుకుంట నడిపిండు.

నల్గొండ: ఎన్నేండ్లు పోసిండో. మన దిక్కు నీళ్లంటే అందరు ఫ్లోరైడే అంటరు. అది మనుషుల ఎముకలను తిన్నది, మనకు తెల్వనిది కాదు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క. కని రేడియేటర్‌కు శత్రువు ఫ్లోరైడ్ కాదు, నీళ్లల్ల కరిగిన సున్నం. వేడెక్కంగనే గోడలకు పట్టుకుంటది. సన్న గొట్టాలు పూడుతయ్, వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే థర్మోస్టాట్ బిగుసుకుంటది. మామూలు బండి కొన్నాళ్లు ఓర్చుకుంటది. టర్బో బండి ఓర్వదు, వేడి మస్తు ఎక్కువ.

పాలమూరు: మరి బండి వేడెక్కినప్పుడు నార్కట్‌పల్లి కాడ నువ్వే బోరు నీళ్లు పోసినవ్ గదన్నా. నీలం బకెట్.

నల్గొండ: పోసిన.

పాలమూరు: నేను దాన్ని తప్పనను. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, మే నెల, రోడ్డు మీద ఇంక ఏం దొరుకుతది? ఏ నీళ్లైనా ఇంజిన్ బతికితే చాలు.

నల్గొండ: ఏ నీళ్లు పోసిన అన్నది కాదు తమ్మీ, ఎప్పుడు పోసిన అన్నది. పది నిమిషాలకే మూత తిప్పిన. ఆవిరి ఎగజిమ్మింది, చెయ్యి కాలింది. ఆగలే. చల్లటి నీళ్లు గుమ్మరిచ్చిన. కాగి ఉన్న ఇంజిన్ పైభాగం, అంటే అల్యూమినియం హెడ్ మీద చల్లనీళ్లు పడితే అది వంకరపోతది. బంద్ చేసి ముప్పావుగంట ఊకె కూసోవాలె. మూత మీద బట్టేసి కొద్దికొద్దిగ తిప్పాలె. అప్పుడు ఏ నీళ్లైనా నిదానంగ పొయ్యొచ్చు, ఇంటికొచ్చినంక మొత్తం ఫ్లష్ కొట్టియ్యాలె.

పాలమూరు: అంత తెలిసినోనివి, ఎందుకు ఆగలే?

నల్గొండ: వెనక సీట్ల నాన్న ఉండె. హైదరాబాద్ దవాఖానల చూపిచ్చుకొని తోల్కొస్తున్న. ఏసీ బందైంది. తువ్వాల నెత్తిమీదేసుకొని ఒక్క మాట అనలే ఆయన. నీడకు కూసోబెడితే, "బండికి ఏమైంది బిడ్డా, ఎక్కువ ఖర్చైతదా" అని అడిగిండు. నాకు చేతులు ఆడలే.

పాలమూరు: నాకు ఫోన్ చెయ్యకపోతివన్నా.

నల్గొండ: ఏమని చేద్దు.

పాలమూరు: వస్తుంటి. పాలమూరు నుంచి ఎంత దూరమైనా వస్తుంటి. మూత నేను తీసి చూడాల్సింది ఆ రోజు. గంట సేపు టైర్లు చూసిన.

నల్గొండ: నిన్ను అనేటందుకు తియ్యలే ఈ ముచ్చట. మిర్యాలగూడ తమ్మునికి చెప్పేటందుకు తీసిన. వినురా తమ్మీ. పొద్దుగాల చల్లగ ఉన్నప్పుడు పో. అమ్మెటోడు ముందే స్టార్ట్ చేసి పెడితే ఇంకోరోజు వస్తనను. ఇంజిన్ సల్లగుంటేనే కూలెంట్ మూత తియ్యి, రంగు చూడు, గోడలు గీకు. ఆయిల్ మూత తిప్పి కింద మీగడ లెక్క ఉన్నదా చూడు. ఉంటే ఆయిల్‌ల నీళ్లు కలుస్తున్నయేమో అని అనుమానపడు. స్టార్ట్ చేసినంక డబ్బాల బుడగలు ఆగకుంట వస్తే హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. నాకు వంకరపోయిన హెడ్‌ను సాపు చేసే ఫేసింగ్, గ్యాస్కెట్, థర్మోస్టాట్ అన్ని కలిసి ముప్పైఎనిమిది వేలైనయ్.

పాలమూరు: ప్లాంట్ నీళ్లు పోస్తే? ఇరవై లీటర్ల క్యాన్ అందరిండ్లల్ల ఉంటది.

నల్గొండ: బోరు కన్న నయం, కని అండ్ల కూడ లవణాలు కొన్ని ఉంటయ్. ఇన్వర్టర్ బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. సగం కూలెంట్, సగం అది. ఉత్త నీళ్లు నూరు డిగ్రీలకు మరుగుతయ్, ఈ మిశ్రమం ఇంకో ఆరేడు డిగ్రీలు ఆగుతది, మూత పట్టే ఒత్తిడితోని ఇంకా పైకి పోతది. రంగు చూసి కలుపొద్దు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు ఏస్తది. డబ్బా మీద రకం చదువు.

పాలమూరు: టైమింగ్ బెల్ట్ గురించి కూడ చెప్పు. ఎప్పుడు మార్చిండ్రో బిల్లు చూపియ్యకపోతే, కొన్నంక మొదటి పని అదే. తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు తాకుతయ్. సామాను గురించి భయపడొద్దు, ఫియట్ లీనియా టీ-జెట్ కారు ఇంజిన్ కూడ ఇదే కుటుంబం, తెలిసిన మెకానిక్ ఉంటే దొరుకుతది.

నల్గొండ: నడిచి నడిచి వచ్చి వెంటనే బంద్ చెయ్యకు, ఒక నిమిషం ఊకె తిరగనియ్యి. టర్బోల ఆయిల్ మాడిపోకుంట ఉంటది.

పాలమూరు: ఇగ మనం అనుకున్నదానికి రా. మార్చుడు.

నల్గొండ: రెండు ముక్కలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉన్నది. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగ మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడ చెప్పింది. ఇన్సూరెన్సోళ్లకు చెప్పకుంట మారిస్తే క్లెయిమ్‌కాడ అడ్డం పడుతరు. రీమ్యాప్ అంటే బలంతోపాటు వేడి పెరుగుడు. కూలెంట్ సక్కగ లేని బండికి రీమ్యాప్ చేపిచ్చుడంటే జ్వరమొచ్చినోన్ని ఉరికిచ్చినట్టే.

పాలమూరు: పెద్ద వీల్స్ అసలే వద్దు. 195/55 టైరు, 16 అంగుళాల వీల్ కంపెనీ ఇచ్చింది. హాలియా దిక్కు ఊరూరికి స్పీడ్ బ్రేకర్లున్నయ్, బండి ముందే కిందికుంటది, సన్న టైరేస్తే రిమ్ము వంగుతది. కొత్తయి కొన్నా నాలుగంకెలు చూసే తీసుకో, షాపుల పాతయి కూడ పెడుతరు.

నల్గొండ: బ్రేకు ప్యాడ్లు మంచియి ఎయ్యి, అది మార్చుడు అంటే నేను ఒప్పుకుంట.

పాలమూరు: వానికి సైలెన్సర్ ఏదో చెప్పనే లేదన్నా మనం.

నల్గొండ: చెబుదాం. దానికి... ఆగాగు, నాన్న కేకేస్తుండు. మోటర్ బంద్ చెయ్యలే, పైన ట్యాంకు పొర్లుతున్నది.

పాలమూరు: పో పో. నేను గప్పటిదాంక నీ ఎడమ వెనక టైరు చూస్త.