కాలివేళ్లు చూసిన కెప్టెన్, మంచం మీది జనరల్

నమస్కారమండీ. గుంటూరు నుంచి మాట్లాడుతున్నాను.

మొన్న పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియం దగ్గర అగ్నివీర్‌కి పరుగు ప్రాక్టీసు చేస్తున్న కుర్రాళ్లతో టీ తాగుతుంటే, ఒకడు అడిగాడు. "అన్నా, ఆఫీసరు తప్పు ఆర్డరిచ్చి మనోళ్లు చచ్చిపోతే, ఆయన్ని ఎవరన్నా అడుగుతారా?"

వాళ్లకి పరుగు నేర్పే రిటైర్డ్ హవల్దారు గారు పక్కనే ఉన్నారు. ఏమీ మాట్లాడకుండా ఎడమకాలి బూటు విప్పారు. చిటికెన వేలు కొస లేదు. సియాచిన్ మంచు తినేసింది. "మా కెప్టెన్ లేకపోతే పాదమే పోయేదిరా. రోజూ రాత్రి మా అందరి చేతా సాక్సులు విప్పించి, టార్చి పట్టుకుని ఒక్కో వేలూ నొక్కి చూసేవాడు. మా అందరివీ అయ్యాకే తన బూట్లు విప్పుకునేవాడు."

అదండీ ఆఫీసరంటే. మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గల్వాన్‌లో 2020 జూన్ 15 రాత్రి తన మనుషులతోనే ఉన్నారు, వాళ్లతోనే పోయారు.

ఇప్పుడు 1962 చైనా యుద్ధానికి రండి. ఈశాన్యంలో నామ్కా చూ అనే వాగు ఒడ్డున మన 7వ బ్రిగేడ్. ఆ చలిలో చాలామందికి పల్చటి వేసవి బట్టలు, చేతిలో కొద్దిపాటి తూటాలు. ఇక్కడ నిలబడలేమని బ్రిగేడియర్ జాన్ దాల్వీ పైవాళ్లకి చెబుతూనే ఉన్నారు. పైన కోర్ కమాండర్, అంటే అక్కడి దళాలన్నిటికీ పెద్ద, లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్. భుజం మీద అంత పెద్ద ర్యాంకు, యుద్ధంలో ఒక బెటాలియన్ నడిపిన అనుభవం మాత్రం లేదు. అక్టోబరు 18న జబ్బుచేసి ఢిల్లీ వెళ్లిపోయారు. జబ్బు ఎవరికైనా చేస్తుంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ కమాండ్ వెంటనే ఇంకొకరికి అప్పగించలేదు, మంచం మీద నుంచే నడిపించారు. 20వ తేదీ తెల్లవారుజామున చైనా విరుచుకుపడింది, బ్రిగేడ్ ఒక్కరోజులో చెదిరిపోయింది. 22న దాల్వీ శత్రువుకి బందీ అయ్యారు.

మరి ఎవరిని అడిగారు? కౌల్ సైన్యం వదిలి వెళ్లారు. సైన్యాధిపతి థాపర్ రాజీనామా చేశారు, తర్వాత ఆఫ్ఘనిస్థాన్‌కి రాయబారిగా వెళ్లారు. అదే 1950 ఆర్మీ చట్టంలో, యుద్ధ సమయంలో సెంట్రీ డ్యూటీలో నిద్రపోయిన జవానుకి మరణశిక్ష దాకా వేయొచ్చు. చెప్పండి, నిద్రపోయిన సెంట్రీ ఎంతమందిని చంపగలడు? తెలిసి తెలిసి ఆ వాగు ఒడ్డున నిలబెట్టిన ఆర్డరు ఎంతమందిని చంపింది?

విచారణ జరగలేదని కాదు. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, విక్టోరియా క్రాస్ గ్రహీత బ్రిగేడియర్ భగత్ కలిసి ఆ ఓటమి మీద 1963లో నివేదిక ఇచ్చారు. 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు అందులో కొంత ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ప్రభుత్వం మాత్రం, ఏ పార్టీదైనా సరే, దాన్ని బయటపెట్టలేదు.

ఇలా మాట్లాడితే సైన్యాన్ని కించపరిచినట్టే అంటారు కొందరు. ఆ వాగు దగ్గర చలికి వణుకుతూ నిలబడ్డవాళ్లు సైన్యం కాదా అండీ? నేను అడుగుతున్నది వాళ్ల తరఫునే.

హవల్దారు గారు బూటు లేసు కట్టుకుంటుంటే ఆ కుర్రాడు మళ్లీ అడిగాడు. "ఆ రిపోర్టు మేం చేరేలోపు ఇస్తారా అన్నా?" ఇవ్వాలి నాన్నా. చదివే వెళ్లాలి నువ్వు.