కోళ్ల ఎరువును యూరియాలా లెక్కపెట్టాలి
(బెంగళూరు రైతు సమావేశంలో ప్రసంగ పాఠం)

చిక్కబళ్లాపురం, కోలారు, హోసూరు వైపు నుంచి పనులు మానుకొని వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం.

మన టమాటా, క్యారెట్, ద్రాక్ష తోటలకు కోళ్ల షెడ్లు దగ్గర. ఎరువు సులువుగా దొరుకుతుంది, సులువుగానే ఎక్కువైపోతుంది. పశువుల ఎరువులో నత్రజని వంద కిలోలకు అర కిలో. ఊకతో కలిసిన బ్రాయిలర్ ఎరువులో, అంటే లిట్టర్‌లో, దాదాపు మూడు కిలోలు. టన్నుకు 30 కిలోలు, అంటే యూరియా బస్తా బస్తాన్నర. మూడు టన్నుల ట్రాక్టరు లోడు దించితే 90 కిలోల నత్రజని దించినట్టే.

పైగా ఇది ఆగేది కాదు. కోడి విసర్జించే నత్రజనిలో ఎక్కువ భాగం యూరిక్ ఆమ్లం. తడి తగిలితే సూక్ష్మజీవులు దాన్ని కొద్ది రోజుల్లోనే అమ్మోనియాగా, మరో రెండు మూడు వారాల్లో నైట్రేటుగా మార్చేస్తాయి. మొత్తంలో సుమారు సగం మొదటి పంటకే విడుదలవుతుంది. నైట్రేటుది ఋణావేశం, మట్టి రేణువులదీ ఋణావేశమే. అందుకే మట్టి దాన్ని పట్టి ఉంచలేదు, నీరు ఎటు పోతే అటు పోతుంది. బాగా తడిసిన ఎర్ర గరప నేలలోకి ఇంకో అంగుళం నీరు ఇంకితే నైట్రేటు దాదాపు అరడుగు దిగుతుంది. టమాటా వేళ్లు ఎక్కువగా ఉండేది పై అడుగున్నరలోనే. బెంగళూరులో సెప్టెంబరు సగటు వాన ఎనిమిది అంగుళాల దాకా ఉంటుంది. కొంత పారిపోయినా, కొంత ఆవిరైనా, వేళ్లు దాటించడానికి మిగిలింది చాలు. అలా వేళ్లు దాటిన నైట్రేటు చివరికి బోరు నీటిలో చేరుతుంది.

తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణం. నేల దాటిన ఒక్క కిలో నత్రజని లక్ష లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకెళ్తుంది. ఆరు నెలల్లోపు పసిబిడ్డకు ఆ నీటితో పాలు కలిపితే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గే ప్రమాదం ఉంది. కాచితే నైట్రేటు పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఇది ఇంట్లో ఆడవాళ్లకు తప్పకుండా చెప్పండి.

యూరప్ 1991లోనే నైట్రేట్ చట్టం తెచ్చింది. నైట్రేటు ముప్పున్న ప్రాంతాల్లో పశువుల, కోళ్ల ఎరువు ద్వారా హెక్టారుకు ఏడాదికి 170 కిలోల నత్రజనే వేయాలి, అంటే ఎకరాకు 69. ఇంగ్లండులో అలాంటి ప్రాంతాల్లో, ఇసుక నేలల సాగు భూముల్లో ఆగస్టు 1 నుంచి డిసెంబరు 31 దాకా కోళ్ల ఎరువు చల్లకూడదు; బావికి, బోరుకు 50 మీటర్ల లోపల ఎప్పుడూ చల్లకూడదు. అమెరికాలో డెల్మార్వా ద్వీపకల్పపు ఇసుక నేలలు బ్రాయిలర్ ఎరువుతో ఇదే బాధ పడ్డాయి. బోరు దూరం నియమాన్ని యథాతథంగా తీసుకోవచ్చు, తేదీలను మాత్రం తీసుకోకూడదని నా అభిప్రాయం. అక్కడ వాన నేలలోకి దిగేది పంట ఎదగని చలికాలంలో. మనకు పంట మీదే దిగుతుంది. కాబట్టి మనం చేయాల్సింది మోతాదు విడగొట్టడం.

హైబ్రిడ్ టమాటాకు ఎకరాకు 100 కిలోల నత్రజని అనుకోండి. లిట్టర్ టన్నున్నర వేస్తే 45 కిలోలు, అందులో సగం ఈ పంటకు అందుతుంది. ఆ 22 తీసేసి మిగతా 78 డ్రిప్పులో వారం వారం కొద్దికొద్దిగా ఇవ్వండి. ఐదు టన్నులు వేసి, పైన మామూలు యూరియా కూడా వేస్తే మిగిలిందంతా బోరు దారి పడుతుంది. పచ్చి ఎరువైతే నాటడానికి రెండు మూడు వారాల ముందు వేసి అదే రోజు దుక్కిలో కలపాలి. పైనే వదిలేస్తే అమ్మోనియా గాలిలో పోతుంది, ఆలస్యంగా వేస్తే నారు వేళ్లు మాడతాయి.

మాగబెట్టి వేయడం ఇంకా మేలు. లిట్టర్ ఒక తట్టకు ఎండుగడ్డి ముక్కలో కొబ్బరి పొట్టో రెండు తట్టలు. పిడికిట్లో పిండితే ముద్ద కావాలి, ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే. కుప్ప నాలుగైదు అడుగులు, లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీలు, వారానికోసారి తిరగెయ్యాలి. కళ్లు మండేలా ఘాటు వస్తే గడ్డి చాలలేదని అర్థం. అడుగున గోధుమరంగు నీరు కారితే తడి ఎక్కువైంది. ఆ నీరే నేలలోకి దిగే నత్రజని. గట్టిగా దిమ్మిస కొట్టిన ఎత్తు జాగాలో కుప్ప పెట్టి, వానకు టార్పాలిన్ కప్పండి.

ఇక బోరు నీటిని ల్యాబులో పరీక్ష చేయించండి. లీటరుకు 90 మిల్లీగ్రాముల నైట్రేటు వస్తే, ఆ నీరు పంటకాలంలో ఎకరాకు 20 లక్షల లీటర్లు పెట్టినప్పుడు 40 కిలోల నత్రజని దానితోనే వస్తుంది. రెండు బస్తాల యూరియా అది. ఎరువు లెక్కలోంచి దాన్నీ తీసేయండి.