హమ్ పోవాలంటే ఎర్త్ తీగ కోయకండి

అధ్యక్షులకు, నిర్వాహకులకు, అందరికీ నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పినదాంట్లో సగం తీసేయండి, టైమ్ కలిసొస్తుంది. నాకిచ్చిన అంశం రెడీమేడ్ బోర్డులతో ఇంట్లో పవర్ ఆంప్లిఫయర్ కట్టుకోవడం. కట్టడం గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అదేమంత కష్టం కాదు. బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే డయోడ్ల బ్రిడ్జ్, ఆ డీసీని నిలవ ఉంచే పెద్ద కెపాసిటర్లు, వేడిని లాగే హీట్‌సింక్, వాల్యూమ్ కంట్రోల్, ఓ ఇనుప డబ్బా. కలిపితే పాట వస్తుంది. పాటతో పాటు వచ్చే ఆ గుంయ్‌మనే హమ్ గురించి, దాన్ని పోగొట్టడానికి జనం చేసే పని గురించే నా బాధంతా.

ముందు వాట్ల సంగతి తేల్చేద్దాం. బోర్డు మీద ఎన్ని వాట్లని అచ్చేసి ఉన్నా నమ్మకండి, సప్లై ఎంతిస్తే అంతే వస్తుంది. 24-0-24, అంటే మధ్య తీగకి అటూ ఇటూ 24 వోల్టుల ఏసీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారనుకోండి. 24ని 1.414తో గుణిస్తే పీక్, అంటే అల శిఖరం, 34, డయోడ్ల దగ్గర ఓ వోల్టు పోతే 33, లోడ్ పడగానే ఇంకొంచెం దిగుతుంది, చిప్ తన వంతు మింగుతుంది. స్పీకర్‌కి పీక్‌లో 28 వోల్టులు చేరాయనుకుంటే 8 ఓంల స్పీకర్‌లో అది 49 వాట్లు. అదే స్పీకర్‌కి నిజంగా 100 వాట్లు వెళ్లాలంటే పీక్‌లో 40 వోల్టులు కావాలి. ఈ లెక్క వేసుకున్నవాడు 300 వాట్ల స్టిక్కర్ చూసి నవ్వుకుని పక్కన పెట్టేస్తాడు.

టీడీఏ7294 ఆంప్లిఫయర్ చిప్ వాడేవాళ్లు చాలామంది ఉంటారు ఇక్కడ. దాని వీపున ఉన్న లోహపు రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. కరెంటుని ఆపే మైకా ముక్క లేకుండా హీట్‌సింక్‌కి బిగించి, ఆ హీట్‌సింక్‌ని డబ్బాకి బిగిస్తే నేరుగా షార్టే. పాట రావట్లేదని బోర్డు పారేసేముందు 9, 10 కాళ్లు కూడా చూడండి, స్టాండ్‌బై, మ్యూట్ అవే. వాటికి వోల్టేజ్ అందకపోతే చిప్ బతికే ఉన్నా నోరు తెరవదు. ఇక టీపీఏ3116 చిప్ లాంటి క్లాస్ డీ బోర్డులు, అంటే వేగంగా ఆన్ ఆఫ్ అవుతూ పనిచేసేవైతే, స్పీకర్ మైనస్ తీగ గ్రౌండ్, అంటే సర్క్యూట్‌లో సున్నా వోల్టుల చోటు, కాదు, అది కూడా అవుట్‌పుట్టే. దాన్ని డబ్బాకి తగిలించకండి, రెండు చానెళ్ల మైనస్‌లు కలపకండి.

మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు సిరీస్ బల్బు లేకుండా వేయకండి. మెయిన్స్ లైవ్ తీగ మధ్యలో వరసగా కలిపే 60 వాట్ల ఫిలమెంట్ బల్బు అన్నమాట, ఎల్ఈడీ పనికిరాదు. కెపాసిటర్లు నిండేటప్పుడు ఒక్కసారి మెరిసి మసకబారిందా, పర్వాలేదు. నిండుగా వెలుగుతూనే ఉందా, ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయండి. స్పీకర్ ఇంకా తగిలించకూడదు. ముందు స్పీకర్ టెర్మినళ్ల మధ్య డీసీ కొలవండి, 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సరే. వోల్టులు కనబడితే స్పీకర్ కాయిల్ కాలడానికి ఎంతో సేపు పట్టదు. పాట లేకుండానే హీట్‌సింక్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంటే ఆ బోర్డు వినబడనంత పై ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవుతోందేమో, అంటే సిగ్నల్ లేకుండా తనంతట తానే ఊగుతోందేమో చూడాలి.

సరే, ఇప్పుడు హమ్. ఒక మాట అడుగుతాను, మొహమాటం లేకుండా చేతులెత్తండి. ఎర్త్ తీగ పీకేస్తే హమ్ పోతుందని మీకెవరైనా చెప్పారా? ...చూశారా. ముందు వరసలోనే ఇన్ని చేతులు.

ఆ మధ్య ఒక కుర్రాడు తన ఆంప్లిఫయర్ పట్టుకొచ్చాడు. "సార్, ముట్టుకుంటే జిల్లుమంటోంది" అన్నాడు. మెకానిక్ ఎవరో ఎర్త్ కోసేయమన్నాడట, కోసేశాడట, హమ్ పోయిందట, సంతోషం. విప్పి చూస్తే మెయిన్స్ తీగ వచ్చే కన్నానికి రబ్బరు గ్రోమెట్ లేదు. రేకు అంచు రాసుకుని రాసుకుని తీగ మీది ప్లాస్టిక్ తెగి, లోపలి రాగి మిలమిలా కనబడుతోంది. ప్లగ్ పీకి మీటర్ పెట్టాను. లైవ్ పిన్ నుంచి డబ్బాకి బీప్ అంది! అంటే డబ్బా మొత్తం 230 వోల్టుల మీద కూర్చుని ఉంది. ఎర్త్ ఉండుంటే ఆ రాగి రేకుకి తగిలిన క్షణమే ఫ్యూజ్ ఎగిరిపోయేది, కథ అక్కడితో అయిపోయేది. ఎర్త్ లేదు కాబట్టి కరెంటుకి దారి లేదు, ఫ్యూజ్‌కి విషయమే తెలియదు. ఆ రోజు ఆ కుర్రాడు పొడి నేల మీద చెప్పులతో నిలబడ్డాడు గనక జిల్లుమనడంతో సరిపోయింది. నాకు కోపం కుర్రాడి మీద కాదండీ, ఆ సలహా ఇచ్చినవాడి మీద. అసలు హమ్ ఎక్కడ పుడుతోందో వెతకడానికి పట్టే టైమ్‌ ఎంతని?

వెతకడం ఇలా. బోర్డు ఇన్‌పుట్‌ని బోర్డు దగ్గరే గ్రౌండ్‌తో షార్ట్ చేయండి. హమ్ అప్పటికీ ఉంటే తప్పు డబ్బా లోపలే ఉంది. ఎక్కువసార్లు వైరింగే. బ్రిడ్జ్ కెపాసిటర్లని నింపేటప్పుడు కరెంటు సన్నటి ధారలా రాదు, సెకనుకి 100 సార్లు పెద్ద పెద్ద గుక్కలుగా వస్తుంది. పీక్‌లో 10 ఆంపియర్లనుకోండి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ, పది సెంటీమీటర్ల ముక్క, దాని రెసిస్టెన్స్ 1.7 మిల్లీ ఓంలు. అంతేగా అంటారు. గుణించండి, 17 మిల్లీవోల్టులు. ఇన్‌పుట్ గ్రౌండ్‌ కూడా ఆ ముక్క మీదుగానే పోతుంటే బోర్డు ఆ 17నీ పాటే అనుకుని 30 రెట్లు పెంచి స్పీకర్‌కి అర వోల్టు పంపుతుంది. తాగే నీళ్లకీ మురుగుకీ ఒకటే గొట్టం వేసి నీళ్లు బాగాలేవన్నట్టు, బోర్డు బాగాలేదంటారు! రెండు కెపాసిటర్లు కలిసే చోటికి ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ రావాలి. అక్కణ్ణుంచి చిన్న కొమ్మ తీసి, ఆ కొమ్మ చివరే స్పీకర్ గ్రౌండ్, బోర్డు గ్రౌండ్, ఇన్‌పుట్ గ్రౌండ్ దేని తీగ దానికి వేరుగా కలపాలి.

ఇన్‌పుట్ షార్ట్ చేయగానే హమ్ పోయిందా, అయితే బయట చూడాలి. ఛార్జర్ తగిలించని ఫోన్ నుంచి పాట పెట్టండి. నిశ్శబ్దంగా ఉండి, కంప్యూటర్ తగిలించగానే మళ్లీ మొదలైతే అది గ్రౌండ్ లూప్. కంప్యూటర్‌కి ఎర్త్ ఉంది, ఆంప్లిఫయర్‌కి ఎర్త్ ఉంది, మధ్యలో సిగ్నల్ కేబుల్ షీల్డ్, అంటే గ్రౌండ్‌కి కలిసే దాని పై అల్లిక, వలయం పూర్తయి అందులో కరెంటు తిరుగుతుంది. ఎర్త్ కోస్తే వలయం తెగుతుంది, నిజమే, అందుకే ఆ సలహా పని చేసినట్టు కనబడుతుంది. కానీ వలయాన్ని ఇంకోచోట కూడా తెంచొచ్చు కదా!

నోట్ చేసుకోండి. డబ్బాకి ఎర్త్ తీగ స్క్రూతో గట్టిగా బిగించాలి, అందులో మార్పు లేదు. ఇన్‌పుట్ సాకెట్లు డబ్బా రేకుకి తగలకుండా ఇన్సులేట్ చేయాలి. ఇందాక కొమ్మ చివర కలిపిన గ్రౌండ్ పాయింట్‌కీ డబ్బాకీ మధ్య 10 ఓంల రెసిస్టర్. దానికి సమాంతరంగా 35 ఆంపియర్ల బ్రిడ్జ్ ఒకటి, ప్లస్ మైనస్ కాళ్లు రెండూ కలిపేసి, ఏసీ కాళ్లు రెండూ రెసిస్టర్ రెండు కొనలకీ. హమ్ తెచ్చే చిన్న వోల్టేజ్‌కి రెసిస్టర్ అడ్డం, లోపల ఏదైనా తెగి పెద్ద కరెంటు వస్తే డయోడ్లు దారిస్తాయి, ఫ్యూజ్ పోతుంది. ఇంత వైరింగ్ ఎందుకనుకుంటే కంప్యూటర్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్యలో ఒకటికి ఒకటి, అంటే ఎంత వోల్టేజ్ వస్తే అంతే ఇచ్చే ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి.

టోన్ కంట్రోల్ గురించి కూడా చెప్పమన్నారు, అధ్యక్షులు వాచీ చూస్తున్నారు, అది ఇవాళ్టికి వదిలేద్దాం. డబ్బాలు తెచ్చినవాళ్లు వెనక బల్ల దగ్గరికి రండి, సిరీస్ బల్బు అక్కడే ఉంది. విప్పేముందు ప్లగ్ పీకి, కెపాసిటర్లని రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. ఎర్త్ తీగ కోసి ఉన్న డబ్బాలు ముందు వరసలోకి, వాటినే మొదట చూద్దాం.