కుర్చీలోంచి లేవడానికి ముందు

శ్రోతలకు నమస్కారం.

పక్షవాతం వచ్చిన మనిషి కుర్చీలోంచి లేవలేకపోతుంటే, చుట్టూ ఉన్నవాళ్లు 'కాళ్లలో సత్తువ లేదు' అనేస్తారు. కావచ్చు, కాకపోనూవచ్చు. మంచి ఫిజియోథెరపిస్టు ముందు పాదాలు ఎక్కడున్నాయో చూస్తారు. అవి మోకాళ్లకంటే ముందుకు చాపి ఉంటే, బలమున్నవాళ్లకూ లేవడం కష్టమే. పాదాలు వెనక్కి జరిపించి, ఒళ్లు ముందుకు వంచి లేవమంటారు. ఊహూఁ, లాభం లేదు. అప్పుడు కూర్చునే ఎత్తు పెంచి చూస్తారు. ఎత్తు మీంచి తేలిగ్గా లేస్తే, తొడ కండరాల మీద అనుమానం గట్టిపడుతుంది. లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే, కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి. ఇవేవీ కాకపోతే, ఇదివరకు పడిపోయిన భయం పట్టుకుని ఉండొచ్చు.

పైకి కనిపించే ఇబ్బంది ఒకటే అయినా, కారణాన్ని బట్టి చేయించాల్సిన పని మారిపోతుంది. అందుకే, వచ్చినవాళ్లందరికీ ఒకే వ్యాయామాల కాగితం చేతిలో పెట్టి పంపించడాన్ని నేను ఒప్పుకోలేను.

ఇక లక్ష్యం సంగతి. 'తొడ బలం పెరగాలి' అన్నది చికిత్స చేసేవారి లెక్క. 'రాత్రిపూట ఎవరినీ నిద్ర లేపకుండా బాత్రూమ్‌కి వెళ్లి రావాలి' అన్నది ఆ మనిషి కోరిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన ఐసీఎఫ్, అంటే మనిషి పనితీరునూ వైకల్యాన్నీ వివరించే అంతర్జాతీయ వర్గీకరణ కూడా శరీరంలోని లోపంతో ఆగిపోదు. మనిషి చేసుకునే పనులనూ, నలుగురిలో కలవడాన్నీ, చుట్టూ ఉన్న పరిసరాలనూ కలిపి చూడమంటుంది.

ఆ కోరికేమిటో రోగినే అడగాలి, పక్కనున్న బంధువులను కాదు. మాట పడిపోయి ఉంటే బొమ్మలు చూపించి, అవును, కాదు అని తలూపమని అడగాలి. ఆలస్యమవుతుంది. కానివ్వండి!

తర్వాత దానికో గడువు, కొలత పెట్టుకోవాలి. నాలుగు వారాల్లో, చేతికర్ర సాయంతో, మంచం నుంచి బాత్రూమ్ దాకా ఒంటరిగా. 1968లో కిరెసుక్, షెర్మన్ అనే ఇద్దరు మానసిక ఆరోగ్య సేవల కోసం రూపొందించిన ఐదు మెట్ల కొలమానం ఇక్కడ బాగా పనికొస్తుంది. అనుకున్నంత సాధిస్తే 0, మించితే +1, +2, తగ్గితే -1, -2. ఎవరి పురోగతిని వారి లక్ష్యంతోనే పోల్చడం ఇందులో నాకు నచ్చిన విషయం.

గడువు దాటినా -1 దగ్గరే ఆగిపోతే, 'రోగి సహకరించడం లేదు' అని రాసేయకండి. మళ్లీ మొదటినుంచి చూడండి. కాలు బాగానే పడుతూ, చీకట్లో గడప దగ్గరే తడబడుతున్నారేమో. అలాగైతే కావలసింది ఇంకో వ్యాయామం కాదు, అక్కడొక దీపం, గోడకు పట్టుకోవడానికొక కడ్డీ.